పదునారేండ్ల విశ్వాసి: సాధు సుందర్ సింగు

కాషాయ వస్త్రము ధరించి, తలపాగా చుట్టుకొని, శాంతముగ చూచుచున్న సాధు సుందర్ సింగు పటము మన సంఘస్థుల యిండ్లలో పలుచోట్ల గోడమీద కనబడును. ఆ పటమును చూచినప్పుడు మన మనస్సునకు వచ్చునది గడ్డముగల పెద్దమనిషి, మంచుకొండలు దాటి టిబెట్టునకు పోయిన సువార్తికుడు. అయితే ఆయన క్రీస్తును ఎరిగినది పదునైదేండ్ల ప్రాయములోననియు, బాప్తిస్మము పొందునాటికి సరిగా పదునారేండ్లు నిండిన బాలుడనియు, మన కన్ఫర్మేషన్ తరగతులలో కూర్చుండు పిల్లల యీడువాడనియు మనము అంతగా తలంచము. మన డయోసిస్ శతవార్షికోత్సవ సంచికకు ఏదైన వ్రాయుమని అడిగినప్పుడు, యౌవనస్థులను మనస్సునందుంచుకొని ఆ బాలుని కథనే ఎక్కువగా చెప్పదలచితిమి. తరువాతి యాత్రలనుగూర్చిన గ్రంథములు చాలగా ఉన్నవి.

సుందర్ సింగు 1889వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన పంజాబులో, అప్పటి పటియాలా సంస్థానమునకు చేరిన రాంపూరు గ్రామములో జన్మించెను. తండ్రి సర్దార్ షేర్ సింగు కలిగినవాడు, భూవసతి గలవాడు. వారిది సిక్కు కుటుంబము. తల్లి మిక్కిలి భక్తురాలు. ఆమె సిక్కుల గురుద్వారమునకును పోయెడిది, హిందూ సాధువులను దర్శించి సేవించెడిది. చిన్న కుమారుని వెంటబెట్టుకొని ఆ సాధువుల యొద్దకు తరచుగ వెళ్లెడిది. తన అన్నలవలె లోకములో పడిపోక ఈ బిడ్డ సాధువు కావలెనని ఆ తల్లి కోరిక. ఏడేండ్లకే బాలుడు భగవద్గీతను సంస్కృతములో కంఠస్థము చేసెను. సిక్కుల గ్రంథ్‌ను, ఉపనిషత్తులను, ఖురానును కూడ చదివెను. యోగము నేర్చుకొనెను. శాంతి మాత్రము దొరకలేదు.

ఈ తల్లినిగూర్చి ఒక మాట. క్రైస్తవుడైన తరువాత సుందర్ సింగు తన తల్లిని గాని, ఆమె నేర్పిన భక్తిని గాని ఎన్నడును తూలనాడలేదు. తాను సాధువగుటకు కారణము తల్లియే అని జీవితాంతము చెప్పుచుండెను. మన ప్రసంగపీఠములమీద మారుమనస్సు సాక్ష్యములు చెప్పు కొందరు తమ పాత యింటిని, పాత దేవతలను ఎంత గట్టిగా తిట్టిన అంత గొప్ప సాక్ష్యమని యెంచుట మేము ఎరుగుదుము. సుందర్ సింగు సాక్ష్యములో ఆ పద్ధతి లేదు.

బాలునికి సుమారు పదునాలుగేండ్లప్పుడు తల్లి చనిపోయెను. కొంతకాలమునకు అన్నయు చనిపోయెను. ఆ దుఃఖము అతనిని క్రుంగదీసెను. రాంపూరులో అమెరికను ప్రెస్బిటేరియను మిషనువారి పాఠశాల ఉండెను. అక్కడ ప్రతిదినము బైబిలు పాఠము జరిగెడిది. అది సిక్కులు చదువదగినది కాదని బాలుడు ఎదురు తిరిగెను. ఆ పాఠశాల విడిచి, మూడు మైళ్ల దూరములోనున్న సనేవాల్ గ్రామములోని ప్రభుత్వ పాఠశాలలో చేరెను. ప్రతిదినము ఎండలో నడిచి పోయివచ్చుచు జ్వరము తెచ్చుకొని, చివరకు గతిలేక మరల మిషను పాఠశాలకే వచ్చెను. అయిష్టముగ వచ్చినవాని కోపము చెప్పనక్కరలేదు. అతడు తోటి పిల్లలకు నాయకుడై ఉపదేశకులమీద రాళ్లు, బురద విసరించెను. 1904 డిసెంబరు 16వ తేదీన తన యింటి ముంగిట అందరును చూచుచుండగా సువార్త గ్రంథమును చించి మంటలో వేసెను. తండ్రి క్రైస్తవుడు కాకపోయినను, మంచి గ్రంథమును కాల్చుట తగదని కుమారుని మందలించెను.

ఇంత చేసినను మనస్సుకు నెమ్మది రాలేదు. తరువాత జరిగినది మన సంఘములలో చాలమందికి తెలిసినదే, కనుక క్లుప్తముగ చెప్పుదుము. మూడవ రాత్రి బాలుడు ఒక నిశ్చయమునకు వచ్చెను. దేవుడు ఉన్నయెడల తనకు కనబరచుకొనవలెను. లేనియెడల తెల్లవారి అయిదు గంటలకు తమ ఊరి ప్రక్కగా పోవు లూధియానా రైలు క్రింద తల పెట్టవలెను. డిసెంబరు మాసపు పంజాబు చలిలో తెల్లవారుజామున మూడు గంటలకు లేచి చన్నీళ్ల స్నానము చేసి ప్రార్థింప మొదలుపెట్టెను. కృష్ణుడో, బుద్ధుడో, మరి యే అవతారమో కనబడునని ఎదురుచూచెను. గది వెలుగుతో నిండెను. ఆ వెలుగులో అతడు చూచినది గాయములుగల యేసుక్రీస్తును. తాను ఎవరి గ్రంథమును కాల్చెనో ఆయనయే. ఇది 1904 డిసెంబరు 18వ తేదీ వేకువ సంగతి. అప్పుడే పోయి, నిద్రించుచున్న తండ్రిని లేపి, తాను క్రైస్తవుడనైతినని చెప్పెను. రెండు దినముల క్రిందట బైబిలు కాల్చినవాడు ఇట్లు చెప్పుట తండ్రి నమ్మలేదు, వెళ్లి పండుకొనుమని పంపివేసెను.

సుందర్ సింగు కథను సాధారణముగ ఇక్కడనుండి నేరుగ టిబెట్టునకు తీసికొనిపోవుదురు. మాకు మాత్రము ఈ వేకువకును బాప్తిస్మమునకును మధ్యనున్న తొమ్మిది నెలలే ముఖ్యముగ కనబడును. దర్శనము ఒక రాత్రిలో ముగిసెను. దానిని ఒప్పుకొనుట ప్రతి ఉదయమును చేయవలసిన పని ఆయెను.

మొదట యింటివారు ఇది బాల్యచాపల్యమనుకొని ఊరుకొనిరి. తరువాత బుజ్జగింపు మొదలాయెను. ధనవంతుడైన పినతండ్రి ఒకడు బాలుని తన యింటి నేలమాళిగలోనికి తీసికొనిపోయి, పెట్టెలలోని ధనమును, నగలను చూపి, ఇంటి మతములో నిలిచినయెడల ఇదంతయు నీదే అనెను. అంతటితో ఆగక తన తలపాగా తీసి బాలుని పాదములయొద్ద పెట్టెను. సిక్కు పెద్ద తన తలపాగాను ఒక పిల్లవాని కాళ్లయొద్ద పెట్టుట యెట్టి సంగతో ఆ దేశాచారము తెలిసినవారికి తెలియును. బెదిరింపును సహించుట కొంత సులభము. కన్నవారి, తోడబుట్టినవారి కన్నీటిని సహించుటయే కష్టము. బాలుడు కన్నీళ్లు పెట్టుకొనెను గాని మాట మార్చలేదు. బంధువుల మూలముగా సంగతి నాభా సంస్థానపు రాజువరకు పోయెను. ఆయన బాలుని ఆస్థానమునకు పిలిపించి, సిక్కు జాతి గౌరవమును జ్ఞాపకము చేసి, మంచి పదవి ఆశ చూపెను. అదియు పనిచేయలేదు.

ఊరివారి కోపము మిషను పాఠశాలమీదికి కూడ తిరిగెను. పిల్లలు బడి మానిరి. రాంపూరులోనున్న కొద్దిమంది క్రైస్తవులు నిలువలేక లూధియానాకు పోవలసివచ్చెను. బాలుని నిర్ణయమునకు వెల చెల్లించినవాడు బాలుడొక్కడే కాడని జీవితచరిత్రలు వ్రాయువారు ఒక పంక్తిలో దాటిపోవుదురు. ఆ కుటుంబముల పేర్లు మనకు తెలియవు.

చివరకు సుందర్ సింగు తన పొడుగాటి జుట్టును కత్తిరించుకొనెను. కేశములు సిక్కులకు గురుతు. వాటిని తీసివేయుట అనగా తాను ఎవరో బహిరంగముగ తెలియజేయుటయే. తండ్రి అతనిని బహిష్కరించి యింటినుండి పొమ్మనెను. ఆ రాత్రి బాలుడు చెట్టు క్రింద చలిలో గడిపెను. నిన్నటివరకు సేవకులు వంగి నిలుచు యింటి బిడ్డ! ఆ వెడలిపోవు దినమున యింటిలో పెట్టిన భోజనములో విషము కలిపిరి. రైలులో పోవుచుండగా కడుపులో బాధ మొదలాయెను. రోపడ్‌లో దిగి, అక్కడి క్రైస్తవ కాపరి యింటికి ఎట్లో చేరెను. ఆ యింటివారే ఉపచారము చేసిరి. వైద్యుడు ఆశ వదలుకొన్నను బాలుడు బ్రతికెను.

జుట్టు తీసివేసెను గాని పేరు మార్చుకొనలేదని మన యౌవనస్థులు గమనింపవలెను. ఆ కాలములో బాప్తిస్మముతోపాటు జానో, పాలో, థామసో అను పేరు వచ్చుట మామూలు. ఈయన సుందర్ సింగుగానే మునిగెను, సుందర్ సింగుగానే జీవించెను. క్రీస్తునకు విరోధమని తన మనస్సాక్షికి తోచినదానిని విడిచెను. తల్లి పెట్టిన పేరును, తన భాషను, తన దేశపు కట్టుబొట్టును విడువవలసిన అగత్యము ఆయనకు కనబడలేదు. ఇంగ్లీషు పేరు లేని కారణముచేత ఆయన క్రైస్తవత్వమును ఎవరును శంకించలేదు.

పేరు మాట వచ్చినది గనుక మన సంగతి కొంచెము చెప్పక తప్పదు. మన సంఘములలో బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు, కాలేజీ రిజిస్టరులో మరియొక పేరు గల పిల్లలు ఎందరో ఉన్నారు. ఇందులో పాపమంతయు పిల్లలమీద పెట్టుట న్యాయము కాదు. 1950నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులమువారు క్రైస్తవులైనచో ఆ హోదాను కోల్పోవుదురు. ఆ ఉత్తర్వు 1956లో సిక్కులకొరకును, 1990లో బౌద్ధులకొరకును సవరింపబడెను, క్రైస్తవులకు సవరింపబడలేదు. మన తెలుగు రాష్ట్రములలో వారు బి.సి.-సి వర్గములో చేర్చబడిరి. బీద తండ్రి తన బిడ్డ చదువునకై కాగితముమీద ఏమి వ్రాయించెనో అను దానిని విచారించుటకు పీఠమెక్కిన మాకు అధికారము లేదు. ఆ బాధ చట్టము పెట్టినది. అయితే ఏ చట్టమును నిందింపవీలులేని దాపరికము కూడ కలదు. హాస్టలులో అన్నము ముందర తల వంచుటకు సిగ్గు. ఆదివారము ఎక్కడికి పోయితివని స్నేహితులు అడిగినప్పుడు మాట మార్చుట. క్రైస్తవుడనగా తక్కువవాడని ఎవరో నవ్విన, తానును వారితో కలిసి నవ్వుట. సుందర్ సింగు కథ తాకవలసినది ఈ చోటనే అని మా అభిప్రాయము.

తిరిగి కథకు వత్తము. రాంపూరు విడిచిన ఈ బాలుడు లూధియానాలోని క్రైస్తవ బాలుర వసతి పాఠశాలలో ఉన్నప్పుడు, క్రైస్తవులనగా దేవదూతలవంటివారని ఊహించెను. అక్కడ చూచినది వేరు. పుట్టుకతో క్రైస్తవులైన పిల్లల అల్లరి, చెడ్డ మాటలు, ప్రార్థనయందు నిర్లక్ష్యము అతనికి గొప్ప ఆశాభంగము కలిగించెను. క్రీస్తుకొరకు సమస్తమును పోగొట్టుకొని వచ్చినవానికి, క్రీస్తు ఉచితముగ దొరికిన పిల్లలు అంత వింతగ కనబడిరి. అతడు ఆ పాఠశాలను విడిచెను గాని ప్రభువును విడువలేదు. మనము వారి జాతివారమే గదా, పుట్టుకతో క్రైస్తవులము. మన హాస్టళ్లలో, మన యూత్ మీటింగులలో క్రొత్తగా వచ్చి వెనుక బెంచీలో కూర్చుండువారు ఏమి చూచుచున్నారో మనకు తెలియదు.

మిషనరీలు అతనిని సిమ్లా కొండలలోని సబాథూకు పంపిరి. అక్కడ కుష్ఠరోగుల ఆశ్రమము ఉండెను. మైనరు బాలునికి బాప్తిస్మమిచ్చుటకు అప్పటి మిషనరీలు వెనుకాడుట సహజమే. కోర్టు వ్యాజ్యములు వచ్చెడి కాలము. సిమ్లాలో రెడ్మన్ దొర అతనిని జాగ్రత్తగ పరీక్షించి తృప్తిపడెను. 1905 సెప్టెంబరు 3వ తేదీన, పదునారేండ్లు నిండిన పుట్టినదినముననే, సిమ్లాలోని సెయింట్ థామస్ దేవాలయములో సుందర్ సింగు బాప్తిస్మము పొందెను. ఇంటివారు ఒక్కరును రాలేదు.

ముప్పదిమూడు దినముల తరువాత, 1905 అక్టోబరు 6వ తేదీన, తనకున్న కొద్ది వస్తువులను, పుస్తకములను పంచిపెట్టి కాషాయ వస్త్రము ధరించెను. చేతిలో ఉర్దూ క్రొత్త నిబంధన, పైన ఒక దుప్పటి. కాళ్లకు చెప్పులు లేవు. అతడు మొట్టమొదట పోయినది ఎక్కడికో తెలియునా? రాంపూరునకే. తాను సువార్తను కాల్చిన ఊరికి, తనకు విషము పెట్టిన ఊరికి, అవే వీధులలో ఆ సువార్తను చెప్పుటకు వెళ్లెను. తెలియని ఊరిలో క్రైస్తవుడనని చెప్పుటకు కొంత ధైర్యము చాలును. మన బాల్యము తెలిసిన వీధిలో చెప్పుట వేరు. అటుతరువాతనే ఆయన పంజాబు, కాశ్మీరు, అఫ్ఘానిస్తాను సరిహద్దుల వైపు పోయెను. రక్తము కారు పాదముల అపొస్తలుడని ఆ ప్రాంతపు క్రైస్తవులు పేరు పెట్టిరి.

కాషాయమును చూచి హిందువులు ద్వారము తెరచిరి. క్రైస్తవుడని తెలిసినప్పుడు కొందరు గెంటివేసిరి. ఇటు క్రైస్తవులలో కొందరు ఈ వేషము ఏమిటని సణిగిరి. ఆయన ఒక దృష్టాంతము తరచుగ చెప్పుచుండెను. రాజపుటానాలో ఒక బ్రాహ్మణుడు రైలులో ఎండకు సొమ్మసిల్లెను. ఆంగ్లో ఇండియను స్టేషను మాస్టరు తన గిన్నెలో నీళ్లు తెచ్చి యిచ్చిన త్రాగనొల్లక, అవే నీళ్లు తన సొంత లోటాలో పోసి యిచ్చినప్పుడు త్రాగెను. జీవజలమును భారతదేశపు పాత్రలో అందింపవలెనని ఆయన చెప్పదలచిన భావము. ఇది ఆయన ఒక్కని ఆలోచన కాదు. మన తెలుగు దేశములో బిషప్ అజరయ్యగారు 1939లో దోర్నకల్లులో ప్రతిష్ఠించిన దేవాలయమును చూచినవారు అదే భావమును రాతిలో కట్టియుండుట చూచి యుందురు.

1906లో శామ్యూల్ స్టోక్సు అను అమెరికను యువకుడు ఆయనతో కలిసి తిరిగెను. ఇరువురును సబాథూలో కుష్ఠరోగులకును, లాహోరులో ప్లేగు రోగులకును సేవ చేసిరి. (ఈ స్టోక్సుగారే తరువాత సిమ్లా కొండలలో ఆపిలు తోటలు వేయించి ప్రసిద్ధికెక్కి, 1932లో హిందూ మతమును స్వీకరించెను, అది మరియొక కథ.) 1908లో సుందర్ సింగు మొదటిసారి టిబెట్టునకు వెళ్లెను. 1909లో లాహోరులోని సెయింట్ జాన్స్ డివినిటీ కాలేజీలో చేరెను. తోటి విద్యార్థులు మొదట ఆయనను ఎగతాళి చేసిరి. వేదాంత విద్యనుగూర్చి ఆయనకు గొప్ప అభిప్రాయము లేదు. ఆ విద్య పొందిన మాకు ఇది కొంచెము నొప్పి కలిగించినను నిజము చెప్పవలెను. బోధకునిగా పొందిన లైసెన్సు, అన్ని సంఘములలో స్వేచ్ఛగ బోధించుటకు ఆటంకమగునని తెలిసినప్పుడు దానిని వినయముతో బిషప్పుగారికి తిరిగి యిచ్చివేసెను. అంతమాత్రమున సంఘమును చీల్చలేదు, తన పేరట సంఘము పెట్టలేదు. తన మాట విని నమ్మినవారిని సమీపములోని సంఘమునకే బాప్తిస్మమునకు పంపుచుండెను. ఆయన పేరు చెప్పి సంఘ క్రమమును తృణీకరించువారు ఈ సంగతి తెలిసికొనిన బాగుండును.

టిబెట్టు యాత్రలలోని అద్భుతములు, కైలాస పర్వతములోని వృద్ధ ఋషి, ఎముకలు నిండిన పాడుబావి మొదలగు సంగతులు మన కన్వెన్షనులలో చాల వినబడును. 1920 తరువాత ఐరోపాలో వీటినిగూర్చి పెద్ద వాదము చెలరేగెను. జెసూట్ పాదిరి హోస్టెనుగారును, స్విట్జర్లాండు పాస్టరు ఫిస్టరుగారును వీటిని నమ్మలేదు. జర్మను పండితుడు ఫ్రీడ్రిక్ హైలరు ఆయన పక్షమున గ్రంథములు వ్రాసెను. సాక్షులు లేని కొండలలో జరిగిన సంగతులకు ఋజువు దొరకలేదు. మేము ప్రసంగములలో వాటిని వాడము. జుట్టు, విషము, చెట్టు క్రింది రాత్రి మాకు చాలును.

1918లో ఆయన దక్షిణ భారతమునకు వచ్చెను. మద్రాసులోను, తిరువాంకూరులోను వేలకొలది జనులు వినిరి. ఆ యేడు మారామన్ కన్వెన్షనులో కూడ మాటలాడెను. అక్కడనుండి సిలోను, బర్మా, చైనా, జపాను.

ఇక తండ్రి సంగతి. పదునాలుగేండ్లు గడచినను కుమారుడు తండ్రికొరకు ప్రార్థించుట మానలేదు. మధ్యలో ఒకసారి ఇంటికి పోగా, తండ్రి లోపలికి రానిచ్చెను గాని అంటరానివానివలె దూరముగ కూర్చుండబెట్టి, చేతులు తగులకుండ ఎత్తునుండి నీళ్లు పోసెను. పోసిన చేయి తన తండ్రిది. దోసిలి పట్టినది ఆ చేతిమీద పెరిగిన బిడ్డ. మన పూర్వికులలో అనేకులు అట్లే దోసిలి పట్టి నీళ్లు త్రాగినవారు గనుక ఈ సంగతి మనకు ఎవరును వివరింపనక్కరలేదు. 1919లో షేర్ సింగు తానును క్రీస్తును నమ్మెను. కుమారుడు ఇంగ్లాండునకు పోవలెనని కోరుచున్నాడని తెలిసి, ఓడ ఖర్చులు తానే యిచ్చెను. 1920 జనవరిలో సుందర్ సింగు బొంబాయిలో ఓడ ఎక్కినది ఆ తండ్రి డబ్బుతోనే.

ఇంగ్లాండు, అమెరికా, ఆస్ట్రేలియా చూచి, 1922లో మరల పాలస్తీనాకు, స్విట్జర్లాండునకు, జర్మనీకి, స్వీడనునకు వెళ్లెను. పాశ్చాత్య దేశముల క్రైస్తవత్వమును చూచి, లూధియానా వసతిగృహములో కలిగిన ఆశాభంగమే మరింత పెద్దదిగ కలిగెను. ఆ మాట వారి దేవాలయములలోనే నిలిచి వారి ముఖముననే చెప్పెను. తరువాతి సంవత్సరములలో ఆరోగ్యము చెడిపోయి, కండ్లు, గుండె బలహీనమై, సబాథూలో ఉండి ఉర్దూలో చిన్న గ్రంథములు వ్రాసెను. అవి అనేక భాషలలోనికి తర్జుమా చేయబడెను.

1929 ఏప్రిలు మాసములో స్నేహితులు వారించుచుండగ మరల టిబెట్టునకు బయలుదేరెను. ఏప్రిలు 18వ తేదీన వ్రాసిన ఉత్తరమే కడపటిది. అప్పటికి ఆయనకు ముప్పదితొమ్మిదేండ్లు. స్నేహితులు పోయి వెదకిరి గాని జాడ తెలియలేదు. 1933లో భారత ప్రభుత్వము ఆయన మరణించినట్లుగ లెక్కించి, వీలునామా అమలుకు అనుమతించెను. ఆయనకు సమాధి ఎక్కడను లేదు.